విడిపించేవాళ్లు లేని పథ్యం

నేను కర్నూలులో పనిచేసిన ఏళ్లలో జనం తినడం గురించి కంటే తినకపోవడం గురించి ఎక్కువ మాట్లాడుకునేవాళ్లు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. కొన్నాళ్లు పరగడుపున చెంబులకు చెంబులు నీళ్లు తాగే పిచ్చి నడిచింది. తర్వాత గోధుమగడ్డి రసం వచ్చింది. మిద్దె మీద పగిలిన తొట్లలో గోధుమలు చల్లి, మొలిచిన గడ్డి కత్తిరించి, మిక్సీలో తిప్పి, ముక్కు మూసుకుని తాగేవాళ్లు. ఆ మోజు తీరాక నూనె బొత్తిగా మానేయమన్నారు. వేరుశనగ పండించి బతికే జిల్లాలో వేరుశనగ నూనె సీసాను వంటింట్లోంచి వెళ్లగొట్టారు. రాత్రిపూట అన్నం మాని చపాతీ తినడం మాత్రం వచ్చిన చుట్టం పోనట్టు స్థిరపడిపోయింది. ఆరు తరాలుగా జొన్నరొట్టె తిన్న ఇంట్లో పుట్టి, గోధుమ చపాతీని మందుబిళ్లలా భయభక్తులతో మింగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది.

నేను మహిళా కళాశాలలో గృహవిజ్ఞానం పాఠాలు చెప్పేదాన్ని. ఊళ్లో ఆడవాళ్లకు ఆహారం గురించి చెప్పే తరగతులు నడపాలని కాలేజీవాళ్లు అనుకున్నప్పుడు, ఆ పని ఎవరికి అంటగట్టాలో ఆలోచించాల్సిన అవసరం వాళ్లకు రాలేదు. మిగతా లెక్చరర్లకు శనివారం సాయంత్రమైతే పిల్లలుంటారు, అత్తలుంటారు, చుట్టాలొస్తారు. నాకెవరూ లేరు. అమ్మ పోయి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. నాన్న అంతకు ముందే పోయాడు. పెళ్లి కుదరలేదు, లేదా నేను కుదరనివ్వలేదు. ఆ వయసుకు వచ్చాక రెండూ ఒకటే. "మీకైతే ఇబ్బంది ఉండదు కదండీ" అని ప్రిన్సిపాల్ గారు నవ్వుతూ అన్నారు. నేనూ నవ్వి ఒప్పుకున్నాను. ఇంటికి వచ్చి ఆ మాటకు శానాసేపు కోపం తెచ్చుకున్నాను.

తరగతులు నెలకొక శనివారం పాత ఊళ్లోని కమ్యూనిటీ హాల్లో జరిగేవి. ప్లాస్టిక్ కుర్చీలు, కిచకిచమనే ఫ్యాను, గోడకు ఎప్పటిదో పోలియో చుక్కల పోస్టరు. వచ్చినవాళ్లలో అంగళ్లవాళ్ల ఇళ్ల ఆడవాళ్లు, కుట్టుపని చేసే ముస్లిం ఆడవాళ్లు, రిటైరైన టీచర్లు ఉండేవాళ్లు. ఏది తినాలో చెప్పమని వాళ్లు అడిగేవాళ్లు. నేను చెప్పేదాన్ని కాదు. ఎవరో చెప్పింది నమ్మడం మాన్పించాలని వచ్చిన మనిషిని, నేను చెప్పింది నమ్మమంటే ఏం బాగుంటుంది? అందుకే వాళ్లకు కొన్ని ప్రశ్నలు నేర్పాను. ఈ మాట ఎవరు చెప్పారు? చెప్పినవాళ్లకు అమ్ముకునేది ఏమన్నా ఉందా? ఏం మానుకోమంటున్నారు? ఏడాది తర్వాత కూడా ఇట్లాగే తినగలవా? వీటిని ఎక్కాల మాదిరి అందరి చేతా గట్టిగా చెప్పించేదాన్ని. మొదట్లో సిగ్గుపడ్డారు. పోనుపోను సరదా పుట్టింది. కొత్త డైటు పేరు నేను ఎత్తితే చాలు, హాలు హాలంతా "ఎవరు చెప్పినారు?" అని అరిచేది. ఆ గంటసేపు నాకు ప్రాణం లేచొచ్చేది.

హాలు నుంచి ఇంటికి నడిచి వచ్చేసరికి ఆ ప్రాణం మళ్లీ చప్పబడేది.

నేనుండేది ఒక పాత మిద్దె ఇంటి పైగదిలో. కింద వీధి వైపు చిల్లర అంగడి, వెనక ఇల్లు. అంగడి నడిపేది ఇంటామె. యాభై దాటిన మనిషి. వ్యాపారం చేసే వైశ్యుల కుటుంబం. భర్త పోయాక కూడా అంగడి మూయలేదు. కూతుర్ని బళ్లారికి ఇచ్చింది. ఆమె నన్ను "పాపా" అనేది, నేను "అక్కా" అనేదాన్ని. గది అద్దెకిచ్చేటప్పుడు ఆమె పెట్టిన షరతు ఒకటే, ఇంట్లో గుడ్డు పగలకూడదు. నేను సరేనన్నాను. ప్రోటీన్ గురించి ఊరంతటికీ పాఠం చెప్పే నేను గుడ్డు తినాలంటే బస్టాండు దాకా పోవలసి వచ్చేది. అక్కడ ఆమ్లెట్ బండి దగ్గర నిలబడి, మా విద్యార్థినులు ఎవరన్నా చూస్తారేమోనని గోడవైపు తిరిగి తినేదాన్ని.

అక్క వంటిల్లు మడి వంటిల్లు. నేను దాని గడప దాటి ఎరగను. నేను వండింది ఆమె తినదు. అందులో ఆమెకు నా మీద చిన్నచూపేమీ లేదు. వాళ్ల అమ్మ అట్లా పెంచింది, ఆమె అట్లా పెరిగింది, అంతే. కొత్త మామిడికాయ వచ్చినా, బొరుగులతో ఉగ్గాని చేసినా గిన్నెలో పెట్టి మెట్ల మీద ఉంచి "పాపా, పెట్టినా సూడు" అని కేకేసేది. గిన్నె కడిగి అదే మెట్టు మీద పెట్టేదాన్ని. రాత్రి ఎనిమిదిన్నరకు అంగడి తలుపులు దించిన చప్పుడు, కాసేపటికి కింద పళ్లెం నేలకు తగిలిన చప్పుడు. అప్పుడు నేనూ పళ్లెం పెట్టుకునేదాన్ని. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లం, ఒకే వేళకు, ఒకరి మీద ఒకరం కూర్చుని ఒంటరిగా అన్నం తినేవాళ్లం. మధ్యలో మిద్దె ఒక్కటే అడ్డం. దాన్ని తలచుకుంటే నాకు నవ్వొచ్చేది. కొన్ని రాత్రులు నవ్వు రాకపోయేది, ముద్ద దిగకపోయేది.

అక్కకు మోకాళ్ల నొప్పులు. బరువు తగ్గమని డాక్టరు చెప్పాడు. ఎట్లా తగ్గాలో చెప్పేంత తీరిక ఆయనకు లేకపోయింది. సరిగ్గా అదే సమయంలో మా పక్క వీధిలో, మూతపడిన ఎస్టీడీ బూత్ గదిలో, డబ్బా పొడి వాళ్లు దిగారు. టై కట్టుకున్న ఒకాయన, ఒక బరువు తూచే మిషను, గోడ నిండా లావాటి మనుషులు సన్నబడిన ఫొటోలు. పొడిని మూత ఉన్న గ్లాసులో నీళ్లు పోసి గిలకొట్టి ఇచ్చేవాళ్లు. ఒక పూట అన్నం బదులు అది తాగాలి. పొద్దున్నే అందరూ పోయి వరసగా మిషనెక్కాలి. బరువు తగ్గినవాళ్లకు మిగతావాళ్లు చప్పట్లు కొట్టాలి. ఊళ్లో అప్పటిదాకా నడిచిన పిచ్చులన్నీ ఇంట్లో ఒక్కరూ చేసుకునేవి. చప్పట్లు ఉన్నది ఇదొక్కటే.

అక్క అందులో చేరింది. నేను చూస్తుండగానే చేరింది. పొద్దున తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, పెళ్లికి పోయినట్టు పోయేది. తిరిగి వచ్చేటప్పుడు ముఖం వెలిగిపోతుండేది. "ఈ పొద్దు నాకు సప్పట్లు కొట్టినారు పాపా" అని కింద నుంచే చెప్పేది. నాకు చిర్రెత్తుకొచ్చేది. ఊరందరికీ చెప్పిన పాఠం, నా కాళ్ల కిందే ఓడిపోయింది.

అయితే అక్క ఆ డైటును చేసిన పద్ధతి, దాన్ని అమ్మినాయన కలలో కూడా అనుకొని ఉండడు. ఆయన ఒక పూట అన్నం మానమన్నాడు. మిగతా పూట మామూలుగానే తినమన్నాడు. అక్కకు అట్లాంటి సగం సగం వ్యవహారం తెలియదు. ఒకరు మందు ఇచ్చారు అంటే దానికి పథ్యం ఉంటుంది. ఇచ్చినాయన పథ్యం చెప్పకపోతే, పాపం పట్నపాయన, తెలియదేమో, మనమే చేసుకోవాలి. చింతపండు మానేసింది. వంకాయ మానేసింది. నూనె, పెరుగు, పచ్చిమిరపకాయ మానేసింది. చుట్టాల ఇంటికి పోయినా మంచినీళ్లు కూడా తాగకుండా వచ్చేది. గుళ్లో చేతిలో పెట్టిన ప్రసాదం కళ్లకద్దుకుని కొంగున ముడేసుకొచ్చి నాకిచ్చేది. పొడి కాకుండా ఆమె తినేది పొద్దుగూకే వేళ అర జొన్నరొట్టె, అదీ వట్టిదే.

"ఇదంతా ఎవరు చెప్పినారక్కా?" అని నేను మెట్ల మీద నిలబడి అడిగాను.

"యెవురో చెప్పేదేంటికి పాపా? పథ్యమంటే తెల్దా?" అంది.

తర్వాతి తరగతికి నేను డబ్బా పొడినే పెట్టుకున్నాను. అక్క ముందు వరసలో కూర్చుంది. నాకోసమే అంగడి మూసి వచ్చింది. ఒక ఖాళీ డబ్బా సంపాదించి, దాని మీద చిన్నక్షరాలతో ఉన్నదంతా గట్టిగా చదివి వినిపించాను. పక్కన ఒక గిద్దెడు కందిపప్పు, ఒక గిద్దెడు కొర్రలు పెట్టి, ఇందులో ఉన్నదేంది, అందులో ఉన్నదేంది అని పోల్చి చూపించాను. ఆడవాళ్లు నవ్వారు, ప్రశ్నలు అరిచారు. అక్క కూడా అందరితో పాటు అరిచింది. "సెప్పినోనికి అమ్ముకునేది ఉండాదా?" అని వెనక నుంచి ఒకామె అన్నప్పుడు "ఉండాది" అని అందరికంటే గట్టిగా జవాబు చెప్పింది. నా పాఠం తగిలిందనుకుని సంతోషపడ్డాను. ఇంటికి ఇద్దరం కలిసే నడిచాం.

"నువ్వు చెప్పిందంతా నిజమే పాపా" అంది దారిలో. "ఆ పొడిలో ఏమీ ల్యా. నాకూ తెలుసు."

"మరి రేపటినుంచి మానుకో."

ఆమె ఆగి చెప్పులో చిక్కిన రాయి దులుపుకుంది. తర్వాత, "పొద్దన ఆడికి పోతే, నిన్న ఏం తింటివి తల్లీ అని అడుగుతాండారు. అడిగేవోళ్లుంటే పథ్యం చేసేకి గూడా బాగుంటాది" అంది.

నేను నేర్పిన ప్రశ్నల్లో దీనికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. అంతకన్నా నిజం చెప్పాలంటే, నేను కూడా నెలకొకసారి హాలుకు పోయేది అందుకే కదా అని తట్టింది.

వేసవి ముదిరేసరికి డబ్బా పొడి ఆయన గది ఖాళీ చేశాడు. ఎవరికీ చెప్పలేదు. ఒక పొద్దున అందరూ పోయేసరికి తలుపుకు తాళం, లోపల మిషను లేదు, ఫొటోలు లేవు. బనగానపల్లెలో పెట్టాడని ఒకరు, హైదరాబాదు పోయాడని ఇంకొకరు అన్నారు. ఆయనిచ్చిన ఫోను నంబరు మోగలేదు. మిగతావాళ్లు రెండు రోజులు తిట్టుకుని మూడో రోజు నుంచి బజ్జీలు తిన్నారు. పీడ విరగడైందని నేను మనసులోనే కొబ్బరికాయ కొట్టాను.

అక్క తినలేదు.

పొడి అయిపోయింది, పథ్యం మిగిలింది. అదే అర జొన్నరొట్టె, అదే వట్టిది. చింతపండు లేదు, నూనె లేదు. గుళ్లో ప్రసాదం కొంగున ముడేసుకురావడం మానలేదు. చేతి గాజులు మోచేతి దాకా జారడం మొదలైంది. రవికలు వదులై భుజం మీద నుంచి జారిపోతుంటే పిన్నీసు పెట్టుకునేది. ఒకరోజు మధ్యాహ్నం, కొనేవాళ్లకు పెసలు తూకం వేస్తూ కళ్లు తిరిగి త్రాసు మీదికే ఒరిగిపోయింది. నేను ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. అన్ని పరీక్షలు చేసి, జబ్బేమీ లేదు, తిండి లేదు, అంతే అన్నాడు. ఇట్లాగే ఉంటే మంచాన పడుతుంది, ఈ వయసులో లేవడం కష్టం అని నాతో విడిగా చెప్పాడు. అక్క ఆయన చెప్పిన ప్రతిదానికీ బుద్ధిగా తలూపింది. ఇంటికి వచ్చి అర రొట్టె తింది.

ఆ రోజుల్లో నాకు భయం పట్టుకుంది. కింద పళ్లెం చప్పుడు వినిపించని రాత్రి నేను మెట్ల మీద వచ్చి కూర్చునేదాన్ని. లోపల లైటు వెలుగుతుండేది. ఆమె పోతుందేమో అని ఒక్కటే కాదు, ఆమె పోతే నాకేమవుతుందో అని కూడా భయపడ్డాను. ఆ ఊళ్లో మేడం అని కాకుండా నన్ను చనువుగా పిలిచే మనిషి ఆమె ఒక్కతే.

చివరికి ఒక ఆదివారం పొద్దున అంగడిలో బేరం లేని వేళ బల్ల మీద కూర్చుని నిలదీశాను. "ఆ పొడిలో ఏమీ లేదని నీకు తెలుసు. అమ్మినాయన మోసగాడని తెలుసు. డాక్టరు తినమన్నాడు. యాల తినవక్కా?"

అక్క బెల్లం మీద ఈగలు తోలుతూ, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు చూసింది.

"ఇచ్చినోడు ఇడిపియ్యల్ల గదా పాపా. ఆయప్ప యాడికి పాయనో. ఇడిపీకుండా యెట్ల తినేది?"

మోసగాడి మందుకు చేసిన పథ్యానికి విలువేమిటని అడగబోయాను. అడిగి ఉంటే ఆమె తలూపేది, తినేది కాదు. ఆ క్షణంలో నాకు మా ఊరు గుర్తొచ్చింది.

మాది కడప జిల్లాలో బద్వేలు దగ్గర పల్లె. చిన్నప్పుడు నాకు కామెర్లొచ్చాయి. పసరు మందిచ్చే ముసలాయన దగ్గరికి అమ్మ ఎత్తుకుపోయింది. ఉప్పు, నూనె, చింతపండు లేని చప్పిడి కూడు పెట్టమన్నాడు. కళ్లు తెల్లబడ్డాయి, ఆకలి పుట్టింది, అయినా అమ్మ పెట్టలేదు. పథ్యం విడిపించాల్సిన ముసలాయన కూతురింటికి పోయి ఉన్నాడు. ఆయన తిరిగి వచ్చేదాకా నేను చప్పిడి కూడు ముందు కూర్చుని ఏడ్చాను, నాతోపాటు అమ్మా ఏడ్చింది. ఆయన వచ్చినరోజు నాకు తలకు పోయించి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, తన చేత్తో మొదటి ముద్ద నా చేతిలో పెట్టి, "ఇంక తినుపో మా" అన్నాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు పరీక్ష పేపర్లో ఇట్లాంటివన్నీ మూఢనమ్మకాలని రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. కానీ ఆ ముద్ద చేతిలో పడినప్పుడు ఒళ్లంతా తేలికైన సంగతి నాకు బాగా జ్ఞాపకం.

"ఇచ్చినాయన దొరక్కపోతే ఏం చేస్తారక్కా?" అని అడిగాను.

"ఇంట్లో పెద్దోళ్లు ఇడిపిస్తారు. అమ్మనో, అత్తనో." ఆమె ఈగలు తోలడం ఆపింది. "నాకెవురుండారు?"

అప్పుడు నేనొక అబద్ధం ఆడాను. అది ఆడినందుకు ఇప్పటికీ నాకు గర్వమే. "తిండి గురించి చదువుకున్నోళ్లు కూడా విడిపించొచ్చు. మా పక్క అట్ల ఉంది" అన్నాను.

అక్క నా ముఖంలోకి చూసింది. చూసి, నెమ్మదిగా, హాల్లో అడిగినట్టే అడిగింది.

"యెవురు చెప్పినారు?"

"మా యమ్మ."

"మీ యమ్మకి అమ్ముకునేది ఏమన్నా ఉండ్యనా?"

"ఏమీ లేదక్కా. ఒక బర్రెగొడ్డు ఉండేది."

"ఏం మానుకోవల్లంట?"

"ఏమీ మానుకోబన్లేదు. తినడమే."

"ఏడాదైనా అట్లనే తినచ్చునా?"

"బతికినన్నాళ్లూ తినొచ్చు."

అక్క ప్రశ్నలన్నీ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఇన్ని నెలల్లో అన్ని ప్రశ్నలనూ వరసగా, ఒక్కటి మరిచిపోకుండా అడిగినవాళ్లు ఇంకొకరు లేరు. ఎదురుగా కూర్చుని జవాబు చెప్పుకోవలసి వచ్చింది నాకు. అబద్ధం చెప్పిన టీచరును నేనైతే ఫెయిల్ చేసేదాన్ని.

"సరే అయితే" అంది అక్క. "తలకు పోసుకోని రాపో. వంట నువ్వే చేయల్ల. నాకు నిలబడేకి కాదు."

ఆ మాటకు అర్థం ఏమిటో నాకు తెలియడానికి ఒక్క క్షణం పట్టింది. పైకి పోయి తలారా స్నానం చేశాను. ఉతికిన చీర కట్టుకుని, తడి జుట్టు ముడేసుకుని కిందికి వచ్చాను. వంటింటి గడప దగ్గర ఆగిపోయాను. అన్నేళ్లు గిన్నెలు మెట్ల మీద మారిన ఇల్లు అది. అక్క కూడా అప్పుడే తలకు పోసుకుని వచ్చి పీట మీద కూర్చుని ఉంది. "యాలా నిలబడితివి? లోపలికి రా" అంది మామూలుగా.

బియ్యం మెత్తగా ఉడికించాను. పెసరపప్పు కట్టు చేశాను. బీరకాయ కూర, పోపులో కొంచెం నూనె. చివర్లో మిరియాల చారులో చిన్న చింతపండు రెబ్బ పిసికేటప్పుడు అక్క వైపు చూశాను. ఆమె కాదనలేదు. డబ్బాలు ఎక్కడున్నాయో కూర్చున్న చోటి నుంచే చెప్పింది. పింగాణీ జాడీలో ఉప్పు, పాత హార్లిక్స్ సీసాలో ఆవాలు. ఆ వంటింట్లో ఒకే పళ్లెం, ఒకే గ్లాసు బయట ఉన్నాయి. మిగతావన్నీ అటక మీద దుమ్ము పట్టి ఉన్నాయి. ఒకటి దించి కడిగాను.

వడ్డించి ఎదురుగా కూర్చున్నాను. నెయ్యి వేసి పప్పు కట్టుతో కలిపి మొదటి ముద్ద చేశాను. కాలేజీవాళ్లు ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారో అన్న ఆలోచన కూడా రాలేదు. అక్క కుడిచెయ్యి చాపింది. ముద్ద ఆ అరచేతిలో పెట్టి, "ఇంక తినక్కా" అన్నాను.

ఆమె తిన్నది. నమిలి, మింగి, కళ్లు మూసుకుంది. తర్వాత ఇంకేమీ చెప్పనక్కర లేకుండా తనే కలుపుకుంది. బీరకాయ మళ్లీ అడిగింది. చారు రెండోసారి పోసుకుంది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. అక్క తింటూనే నన్ను చూసింది.

"నువ్వు తినవేం?"

"తింటాలే."

"పైన ఒగదానివే తింటాండావు గదా రోజూ. నాకు వినపడతాది" అంది. "మీ యమ్మ పోయినాక నీకు ముద్ద పెట్టినోళ్లెవురు?"

"ఎవరూ పెట్టలేదు" అన్నాను. దాచాలనిపించలేదు.

అక్క తన పళ్లెం పక్కకు జరిపింది. కడిగిన పళ్లెంలో అన్నం పెట్టి, కలిపి, పెద్ద ముద్ద చేసి చెయ్యి చాచింది. నేను అందుకున్నాను. ఉప్పు తక్కువైంది ఆ పప్పులో. అంత రుచిగల అన్నం నేను మళ్లీ తినలేదు.

ఆ తర్వాత అక్క తేరుకుంది. గాజులు మళ్లీ మణికట్టు దగ్గరికి వచ్చాయి. మోకాళ్ల నొప్పి మాత్రం పోలేదు. అంగడికీ ఇంటికీ మధ్య రోజూ కాసేపు నడవమని చెప్పి నడిపించాను. మేము రోజూ కలిసి తిన్నామని చెబితే మీకు బాగుంటుంది, కానీ అట్లా జరగలేదు. మడి మడే. ఆ వంటింట్లోకి నేను మళ్లీ పోలేదు, ఆమె పిలవలేదు, నేనూ అడగలేదు. ఒక్కటి మాత్రం మారింది. రాత్రి అంగడి మూశాక కింద నుంచి కేక వచ్చేది. "పాపా, తింటాండావా?" నేను పైనుంచి "తింటాండా అక్కా" అనేదాన్ని. ఆ తర్వాతే రెండు పళ్లేలూ నేలకు తగిలేవి.

నాకు కడపకు బదిలీ అయింది. సొంత జిల్లా కదా అని అందరూ సంతోషపడ్డారు. సొంత జిల్లాలో నాకు మిగిలింది బద్వేలు దగ్గర తాళం వేసిన ఒక ఇల్లు. కడపలో ఒక వ్యాపారి గోడౌను మీద గది తీసుకున్నాను. మొదట్లో అక్క ఆదివారాలు అంగట్లోని కాయిన్ ఫోను నుంచి చేసేది, రూపాయి పడిన చప్పుడు కాగానే "తింటాండావా" అనేది. తర్వాత కూతురు వచ్చి ఆమెను బళ్లారికి తీసుకుపోయింది. అంగడి మూసేశారు. అక్కడ ఇంటినిండా మనుషులు, పంక్తి వేసుకుని తింటారట. విని సంతోషించాను. కుళ్లుకున్నాను కూడా. ఫోన్లు పలచబడ్డాయి.

కడపలో కూడా తరగతులు నాకే అంటగట్టారు. కారణం పాతదే. అక్కడ అప్పటికి ఏడు రోజుల క్యాబేజీ సూపు నడుస్తోంది. పాత ప్రశ్నలన్నీ నేర్పాను. చివర ఒకటి కొత్తగా చేర్చాను. అది ఏ పుస్తకంలోనూ లేదు. "ఆ డైటు మొదలుపెట్టిన రోజు మీతో కూచోని తిన్నదెవరు?"

ఆ ప్రశ్న మొదటిసారి అడిగిన సాయంత్రం హాల్లో ఎవరూ అరవలేదు. కొందరు కొంగు సర్దుకున్నారు. వెనక వరసలో ఒకామె కళ్లు తుడుచుకుంది. ముందు కూర్చున్న కుట్టుపని చేసే ఆమె, వేళాకోళం ఏమీ లేకుండా, తెలుసుకుందామనే అడిగింది.

"మీతో యెవురు తింటారు మేడం?"

"ఎవరూ తినరమ్మా" అన్నాను. "ఒక్కదాన్నే తింటా."

ఆమె తలూపింది. ఇంకొకామె క్యాబేజీలో గ్యాసు గురించి అడిగింది, జవాబు చెప్పాను, తరగతి అయిపోయింది. గదికి వచ్చి అన్నం వండుకున్నాను. పళ్లెంలో పెట్టుకుని, కింద చప్పుడు కోసం కాసేపు ఆగాను. గోడౌనుకు తాళం వేసి ఉందని నాకు తెలుసు. అన్నం చల్లారాక తిన్నాను.